ఒత్తుగా చల్లిన చేపలు

జేసీబీ ముందు టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్న శివలీలను పోయిన వారం అక్కడే వదిలేసి నేను నా దారిన వెళ్లిపోయాను. పత్తికొండ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "ఏమప్పా, నీకు దయాదాక్షిణ్యం ఉండాదా లేదా? వారం రోజులు ఆ పిల్లను ఎండలో కూచోబెడ్తావా?" అని కడిగి పారేసింది. తల్లీ, మీకు వారం గడిచింది గాని కథలో గడిచింది పావుగంటే. పిల్ల నిక్షేపంగా ఉంది. డబ్బాలో ఉగ్గాని కూడా ఇంకా సగం మిగిలే ఉంది.

ఈ మధ్యనే మనతో చేరినవాళ్లకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఆలూరుకు అవతల చెలిమెలపల్లెలో సుంకన్న అనే రైతు ఉన్నాడు. ఆయన కోడలు శివలీల చేపల పెంపకం శిక్షణకు పోయి వచ్చి, ఇంట్లో అందరినీ ఒప్పించి, వాళ్ల పొలం వాలులో అరెకరం కుంట తవ్వించింది. ఆమె భర్త హరినాథ్‌కు ప్రాణస్నేహితుడైన మన్సూర్, ఆటోలో ఊరూరా చేపపిల్లలు అమ్మేవాడు, తొలకరి కాగానే వచ్చి కుంటలో పిల్లలు పోశాడు. వానలు పోయాయి, చలి పోయింది, ఉగాది కూడా వచ్చి పోయింది. చేపలు మాత్రం వేలెడు దాటలేదు. దాంతో సుంకన్నకు తిక్క లేచింది. "మన్సూర్ గాడు పొట్టి రకం అంటగట్టినాడు" అని ఆలూరు సంతలో నలుగురూ వినేట్టు అరిచాడు. కుంట పూడ్చేసి బుడ్డలు, అంటే వేరుశనగ, వేసుకుంటానని జేసీబీని పిలిచాడు. కోడలు ఆ జేసీబీ తొట్టి కింద చాప పరుచుకుని కూర్చుంది. అదీ సంగతి.

"లెయ్ పాపా" అన్నాడు సుంకన్న. "ఎండ శానా ఉండాది. తల నొస్తాది."

"లేస్తా మామా. ఒక్కసారి వల లాగనీ. చేప చెడ్డదో, నీళ్లు చెడ్డవో, మనమే చెడ్డోళ్లమో నా కండ్లతో నేను సూడల్ల. సూసినాక పూడ్చు. నేనే గంపెత్తి మన్ను పోస్తా."

"పొలం నాది. నా మాటంటే మాటే."

"పొలం నీదే. నేనేమన్నా కాదంటినా?" అని శివలీల ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తి జేసీబీ డ్రైవర్ ఉమామహేశ్వరను చూసి, "అన్నా, పొద్దున్నే వచ్చినావు, ఏమన్నా తింటివా? ఉగ్గాని ఉండాది, మిరపకాయ బజ్జీ ఉండాది" అంది.

బజ్జీ అన్న మాట వినగానే ఉమామహేశ్వర ఇంజన్ ఆపేసి దిగిపోయాడు. సుంకన్న పళ్లు కొరికాడు. ఆకలిగా ఉన్నవాణ్ణి తినొద్దని ఏ రైతు నోరైనా అనగలదా? అనలేదు. అది కోడలికి బాగా తెలుసు.

ఇంతలో మన్సూర్ భుజాన వల వేసుకుని గట్టెక్కి వచ్చాడు. సంతలో ఆ గొడవ జరిగినప్పటి నుంచి అతని ఆటోలో ఒక్క చేపపిల్ల కూడా అమ్ముడుపోలేదు. కంబన్న అనే ఇంకో రైతు కుంటకు ఇస్తానని మాట్లాడుకున్నవి కూడా వద్దని కబురొచ్చింది. మనిషి సగమయ్యాడు. అయినా సుంకన్నను చూసి, "మామా, బాగుండావా?" అన్నాడు.

సుంకన్న అతని వైపు తిరగకుండా డ్రైవర్‌తో అన్నాడు: "అప్పా ఉమామహేశ్వరా, వానికి చెప్పు. నేను బాగలేను అని చెప్పు."

"ఆయన బాగలేడంట" అన్నాడు ఉమామహేశ్వర బజ్జీ నములుతూ.

"ఆ వల తెచ్చుకొనింది దేనికో అడుగు."

"వల దేనికంటాండాడు."

"లాగేదానికి" అన్నాడు మన్సూర్. "నా చేపపిల్లల సీడు పొట్టిదో కాదో ఈ పొద్దు తేలిపోవల్ల. తేలకపోతే నేను ఆటో అమ్ముకోని బెంగళూరు పోయి సిమెంటు మోస్తా. తేలినాకే కుంట పూడ్చమను."

సుంకన్న కాసేపు మీసం దువ్వుకుని, "ఒక్క ఈడ్పు. ఒక్కటంటే ఒక్కటే. ఆ మీదట కుంటా లేదు, చేపా లేదు" అన్నాడు. ఆ మాట నేరుగా మన్సూర్‌తోనే అన్నాడని ఆయనకు తర్వాత గుర్తొచ్చింది.

అలా శివలీల కుంట ప్రాణం ఒక్క వల ఈడ్పు మీదికి వచ్చింది.

ఒక కొస హరినాథ్, మన్సూర్ పట్టుకున్నారు. రెండో కొస శివలీల పట్టుకుంది. ఆమెకు తోడుగా అత్త చౌడమ్మ కొంగు నడుముకు బిగించి దిగింది. చౌడమ్మ ఊళ్లో దేనికైనా ముందుండే మనిషి. పెళ్లిలో పాట దగ్గర్నుంచి పంచాయితీలో తిట్టు దాకా ఆమె గొంతే మొదట లేస్తుంది. ఆ రోజు మాత్రం ఎందుకో కిమ్మనకుండా నీళ్లలోకి దిగింది. అది ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

ఎండాకాలం కాబట్టి నీళ్లు మొలలోతుకు తగ్గి ఉన్నాయి. వల నాలుగు అడుగులు కదిలిందో లేదో బరువెక్కింది. సగం దూరం వచ్చేసరికి లాగేవాళ్లకు మోకాళ్లు బురదలో దిగబడిపోయాయి. "ఏమప్పా ఇది, బండ తగిలిందా?" అని హరినాథ్ అరిచాడు. ఉమామహేశ్వర చేతులు తుడుచుకుని తనూ దిగాడు. చివరికి సుంకన్న కూడా పంచె ఎగగట్టి, "తప్పుకోండి, మీకు చాతగాదు" అంటూ తాడు అందుకున్నాడు.

వల ఒడ్డు చేరేసరికి నీళ్లు కుతకుతలాడాయి. నీళ్లు కనబడలేదసలు, అంతా వెండి. వేలెడు చేపలు ఒకదాని మీద ఒకటి ఎగిరి, శివలీల చీర కుచ్చిళ్లలో పడ్డాయి, చౌడమ్మ కొప్పుకు తగిలాయి, ఒకటి సుంకన్న జేబులోకే దూరింది.

"సూడండప్పా, సూడండి!" అన్నాడు సుంకన్న జేబులోంచి దాన్ని తీసి పైకెత్తి. "ఇంతకాలానికి ఇదీ దాని ఎదుగుదల. పొట్టిది కాకపోతే ఏంది?"

మన్సూర్ తనతో తెచ్చుకున్న బుట్టతో ఒకసారి చేపలు ముంచి, వాటిని లెక్కపెట్టి నీళ్లలోకి వదిలాడు. తర్వాత లెక్క మానేసి బుట్టలే ఎంచుతూ పోయాడు. కొంతసేపటికి అదీ మానేసి బుట్ట పక్కన పెట్టి, నెత్తి గోక్కుని, "మామా, ఇవి నావి కావు" అన్నాడు.

"ఆఁ! ఒప్పుకొనె! విన్నారు కదా అందరూ?"

"నావి కావంటే అది కాదు మామా, నేను పోసింది ఇన్ని కాదంటాండా. ఈ కుంటకు రెండు వేలకన్నా ఒక్కటి ఎక్కువొద్దని శివలీల చెల్లెమ్మ చెప్పె. రెండు వేలే తెచ్చినా. ఈ ఒక్క వల్లోనే అంతకు రెండింతలు ఉండాయి. వల కిందనుంచి తప్పించుకొన్నవి ఇంకా ఆడ ఎన్నుండాయో! చచ్చేవి చావంగా తగ్గల్ల గాని, పెరిగేది యాడన్నా ఉంటాదా?"

"పిల్లలు పెట్టింటాయి" అంది చౌడమ్మ గబుక్కున.

"అత్తా, ఈ రకం చేపలు పారే ఏటిలోనే గుడ్లు పెడ్తాయి, నిలవ నీళ్ల కుంటలో పెట్టవు. అయినా వేలెడంత చేపకు అప్పుడే కాన్పా?" అన్నాడు మన్సూర్.

శివలీల ఒక్కొక్కరి మొహమూ చూసింది. అత్త ఆకాశంలో లేని మబ్బును వెతుకుతోంది. భర్త మోగని ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ, చెప్పన్నా" అంటున్నాడు. కాపురం చేసిన కండ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

"ఫోను తీసెయ్" అంది భర్తతో. "ఎన్ని పోసినావు?"

హరినాథ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పత్తికొండ మార్కెట్టుకు టమోటా ఏసకపోయినా కదా... ఆడ ఒక ఆటోలో పిల్లలు అమ్ముతాండిరి. వచ్చేటప్పుడు ఖాళీ పెట్టెలే కదా అని వాటిలో పట్ట పరిచి, నీళ్లు పోసి... రెండు పెట్టెలు తెచ్చినా."

"రెండా?"

"మూడు."

"ఎందుకు?"

"సగం పోతాయి కదా అని."

చౌడమ్మ కొడుకు వైపు గుర్రుగా చూసింది. "నువ్వూ పోసినావా? ఓరి నా కొడకా! తెలిసింటే నేను అంత దూరం మోస్కొస్తునా?"

"అత్తా!" అంది శివలీల.

ఇక దాచి లాభం లేదు. చౌడమ్మ గట్టు మీద చతికిలబడి మొదలుపెట్టింది. పుట్టిల్లు కోసిగి పోయినప్పుడు తమ్ముడి చెరువులోంచి రెండు బిందెల నిండా చేపపిల్లలు పట్టించి, పైన తడిగుడ్డ కప్పి, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చిందట. కండక్టర్ ఇదేందమ్మా అని అడిగితే గంగమ్మ తీర్థం అని చెప్పిందట. "వాడు కండ్లకద్దుకొని, రెండు చుక్కలు నెత్తిన చల్లుకొన్యాడు గూడా. పాపం తగుల్తాదేమో అని ఇన్నాళ్లూ భయపడితి. సగం పోతాయి, కోడలు పిల్ల చిన్నబోతాదని పోసినానమ్మా, అంతే. ఒట్టు."

సుంకన్న అందుకున్నాడు. "సిగ్గుండల్ల! పాప చిలక్కు చెప్పినట్టు చెప్పెనే రెండు వేలని! తల్లీ కొడుకూ ఒకరికి తెలీకుండా ఒకరు! ఇంటి పెద్దను నేను ఒకణ్ణి ఉండా, నాతో ఒక మాట..."

"మామా" అన్నాడు ఉమామహేశ్వర నెమ్మదిగా. "మల్ల ఆ పొద్దు డ్యామ్ కాడ, నేనప్పుడు తోలే టిప్పర్ ఎక్కింది ఎవురు?"

సుంకన్న ఎగగట్టిన పంచె గబగబా దించుకున్నాడు.

"కాళ్లకాడ నీళ్ల సంచులు పెట్టుకొని, గోనెపట్ట కప్పుకొని, దావంతా 'గుంతలో ఎగరెయ్యొద్దప్పా, లోపల పసిపిల్లలుండారు' అంటివే. దిగేటప్పుడు 'మా కోడలికి చెప్పొద్దు' అని నా చేత మాట కూడా తీసుకొంటివి. ఇన్నాళ్లూ చెప్పలే మామా. బజ్జీలు తిన్న నోటితో ఇంక దాచలేను."

పెళ్లికి పోతున్నానని చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ పోయాడండీ ఆ రోజు ఈ పెద్దమనిషి! పెళ్లిలో ఏం పెట్టారని చౌడమ్మ అడిగితే లడ్డు అన్నాడు. ఆ లడ్డు సంగతి ఇప్పుడు తేలింది. చౌడమ్మ లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "లడ్డు బాగుండెనా?" అంది.

సుంకన్నకు ఎటు చూడాలో తెలియలేదు. "నవ్వండి, నవ్వండి. మాది మెట్టసేద్యం. మా తాత నుంచీ విత్తనం ఒత్తుగా ఏసుకోవడమే మాకు తెలుసు. బుడ్డలు చల్లేటప్పుడు ఎవురన్నా కొలిచి చల్తారా? చీమలు తీసకపోయేటివి, ఉడతలు తినేటివి, మొలిచి ఎండకు మాడేటివి పోను మిగిలేదే మనకు దక్కేది. వాన దేవుణ్ణి నమ్మి పల్చగా ఏసినోడు ఎవుడన్నా ఈ సీమలో ఉండాడా? నేనూ అదే చేస్తి. రెండు వేలంటే నాకు గుండెల్లో దడ. రెండింతలు ఏద్దాం, సగం దక్కినా పాప లెక్క పాపకు సరిపోతాది అనుకొంటి."

శివలీల నవ్వుకు సిద్ధంగా ఉన్న మొహంతోనే అడిగింది. "సరే మామా. ఒత్తుగా ఏసినావు. ఆ ఏడు వాన బాగా పడి ఏసిందేసినట్టు మొలిస్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్తా? పీకి పల్చ చేస్తా. లేకుంటే ఒకటీ ఎదగదు, అన్నీ ఈనుపుల్లలై..."

ఆయన ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినబడింది. కుంట వైపు చూశాడు.

"అన్నీ మొలిచినాయి మామా" అంది శివలీల. "ఒక్కటీ పోలే. చీమా తినలే, ఉడతా తినలే. నేనేమో రెండు వేలకు లెక్కేసి తవుడు, బుడ్డల చెక్క ఏస్తాంటి. ఇన్ని నోళ్లకు తలా ఇంత పలుకు కూడా దక్కినట్టు లేదు. రోజూ గట్టున నిలబడి, ఏం తక్కువ చేసినానా, ఏం తక్కువ చేసినానా అని ఏడుస్తాంటి."

"తిండొకటే కాదు చెల్లెమ్మా, గాలి కూడా సాలదు" అన్నాడు మన్సూర్. "ఇంత ఒత్తుగా ఉంటే రాత్రంతా పీల్చి పీల్చి, తెల్లారేసరికి నీళ్లలో గాలి అయిపోతాది. అప్పుడు అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ప్రతి ఉదయం సుంకన్న కుంట దగ్గరికి పోయేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తూ ఉండేవి. అవి తనను గుర్తుపట్టి దండం పెడుతున్నాయని ఆయన నమ్మకం. ఊరందరికీ చెప్పుకున్నాడు. బీగరు, అంటే వియ్యాలవారు, వస్తే పొద్దున్నే లేపి తీసుకుపోయి చూపించాడు కూడా. "మనుషులకు లేని విశ్వాసం సూడప్పా" అనేవాడు. చేపలకు ఊపిరాడక నోళ్లు తెరుస్తుంటే, ఈయన చెయ్యెత్తి దీవించి వచ్చేవాడన్నమాట!

"దండం కాదా అయితే?" అన్నాడు సుంకన్న చిన్న గొంతుతో.

ముందు చౌడమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆపుకోలేక గట్టు మీదనుంచి జారి నీళ్లలో పడింది. ఆమెను లేపబోయి హరినాథ్ పడ్డాడు. ఉమామహేశ్వర జేసీబీ చక్రానికి ఆనుకుని కండ్లు తుడుచుకున్నాడు. శివలీల కడుపు పట్టుకుని నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చేసింది. ఇన్ని నెలల దిగులు కదా, ఏదో ఒక దారిన బయటికి రావాలి.

మన్సూర్ మాత్రం నవ్వుతూనే తల వంచుకున్నాడు. "నేనూ ఒకటి చెప్పల్ల" అన్నాడు. "రెండు వేలు ఎంచి పోసినాక... మా హరి బావ కుంట, మా చెల్లెమ్మ మొదటి బోణీ. కొసరు లేకుండా ఎట్లిస్తా? రెండు దోసిళ్లు ఎక్కువేసినా."

"నువ్వు గూడానా అన్నా?" అంది శివలీల.

నవ్వులు ఇంకోసారి లేచాయి. కథ ఇక్కడే అయిపోతే ఎంత బాగుండును! కానీ సుంకన్న అంత సులభంగా ఓడిపోయే మనిషి కాదు. పైగా దండం పోయిన బాధ ఒకటి. ఆయన పంచె దులుపుకుని, గొంతు సవరించుకుని మళ్లీ పట్టుకున్నాడు.

"ఒత్తయినాయి, సరే. మా తప్పే. కానీ ఒత్తయితే చిక్కిపోవల్ల గాని ఇంత గిడసబారిపోతాయా? రకం మంచిదని సాచ్చం ఏముండాది? ఇదే సీడు చేప ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా మోచెయ్యంత పెరిగింది సూపించండి. అప్పుడు నమ్ముతా."

"నా సీడు ఏసినోళ్లు పది ఊర్లలో ఉండారు మామా. రా, సూపిస్తా."

"ఆ ఊర్ల నీళ్లు వేరు, నేల వేరు. ఈ నేలలో, ఈ నీళ్లలో పెరిగింది సూపించు."

అదెలా చూపిస్తాడు? ఈ నీళ్లలో ఉన్నవన్నీ ఇవే కదా. మన్సూర్ దిక్కులు చూశాడు. శివలీల నవ్వు ఆరిపోయింది. సుంకన్న మీసం దువ్వుకుని, "ఉమామహేశ్వరా, ఎక్కు బండి" అన్నాడు. ఉమామహేశ్వర ఎక్కాడు గాని, తాళం చెవి ఏ జేబులో ఉందో మరిచిపోయినట్టు వెతకడం మొదలుపెట్టాడు.

"సుంకన్నా!"

ఆ పిలుపు సరిహద్దు గెనిమ అవతల నుంచి వచ్చింది. అందరూ ఒక్కసారిగా తిరిగారు. ఎందుకంటే ఆ గొంతు ఆ పేరు పలికి రెండేళ్లయింది.

పక్క పొలం శాంతయ్య. నుదుట మూడు విభూతి రేకలు, మెడలో లింగం, కోడిగుడ్డు పెంకు కనబడినా పక్కకు తప్పుకుని నడిచే మనిషి. రెండు పొలాల మధ్య ఉన్న గెనిమ జానెడు ఇటు జరిగిందని సుంకన్న, జానెడు అటు జరిగిందని శాంతయ్య రెండేళ్ల కింద కొట్లాడుకున్నారు. అప్పటినుంచి మాటల్లేవు. తిట్టాలనిపిస్తే ఈయన తన ఎద్దును తిట్టేవాడు, ఆయన తన మోటారును తిట్టేవాడు. ఎవరికి తగలాల్సింది వాళ్లకు తగిలేది.

"పొద్దున్నుంచి అంతా వింటాండా" అన్నాడు శాంతయ్య గెనిమ మీద నిలబడి. "మన్సూర్ పిల్లోని పేరు చెడిపోతాంటే, మెడలో లింగం పెట్టుకొని నేను గమ్మున ఉంటే అది నాకే మంచిది కాదు. ఒకసారి ఇట్ల రాండి."

సుంకన్న కదల్లేదు. శివలీల పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. "రా మామా" అంది. ఆమె లాగితే ఆయన రాకుండా ఉండలేడు, అదొక బలహీనత.

గెనిమ దాటితే పల్లంలో శాంతయ్య కుంట ఉంది. మిరపకు నీళ్ల కోసం లోతుగా తవ్వించుకున్నాడు. శాకాహారి కుంట కాబట్టి అందులో ఎవరూ ఏమీ పోయలేదు. ఆయన గట్టున కూర్చుని తువ్వాలు మూట విప్పాడు. అందులో బొరుగులు, అదే మరమరాలు, ఉన్నాయి. గుప్పెడు తీసి నీళ్ల మీద చల్లి, లేగదూడను పిలిచినట్టు, "దా, దా, దా" అన్నాడు.

నీళ్లు కదిలాయి. ఒక నల్లటి వీపు పైకి లేచింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. ఎర్రటి రెక్కలు, నాణేలంత పొలుసులు. ఒకటి బొరుగులు మింగి తోక కొడితే నీళ్లు వచ్చి సుంకన్న మొహాన పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. అది మోచెయ్యంత లేదు, అంతకన్నా పెద్దదే.

"ఆ ఎర్ర రెక్కలది శీలావతి చేప!" అని అరిచాడు మన్సూర్. "ఈ నల్ల వీపుది బొచ్చె! అల్లా ఖసం, మామా, అది నా బొచ్చే!"

"వినాయక చవితికి పెద్దవాన పడె కదా" అన్నాడు శాంతయ్య. "మీ కుంట పొర్లి ఈ దావన నీళ్లొచ్చె. నీళ్లతో ఇవీ వచ్చినాయి. గోరంత ఉండె అప్పుడు. ఓ పదో పదైదో ఉంటాయి, నేను లెక్కబెట్టలే. ఇంత కుంట వాటికే. తిరిగినంత చోటు, పీల్చినంత గాలి. నేనేమన్నా మేతేస్తినా? రోజూ ఇన్ని బొరుగులు, అంతే."

"మల్ల నాకెందుకు చెప్పలే?" అన్నాడు సుంకన్న. రెండేళ్ల తర్వాత శాంతయ్యతో ఆయన ఆడిన మొదటి మాట అది.

"చెప్తే నువ్వేం చేస్తువు? పొయ్యి మీద పెనం పెట్టిస్తువు. నాకు పొద్దున్నే లేస్తే వీటి మొహం సూడకపోతే తోచదప్పా. ఈ పెద్దదాని పేరు గౌరి."

గౌరి అప్పుడే పైకొచ్చి ఇంకో బొరుగు మింగి పోయింది. చౌడమ్మ అప్రయత్నంగా చేతులు జోడించబోయి ఆపుకుంది.

సుంకన్న గొంతుక్కూర్చుని ఆ నీళ్లనే చూశాడు. అదే నేల. అదే వాన. ఇంట్లోవాళ్లు పోసిందంతా ఆ వాన తర్వాతే, కాబట్టి ఇది మన్సూర్ సీడే. ఆయన లేచి మన్సూర్ దగ్గరికి పోయి రెండు భుజాలు పట్టుకున్నాడు.

"మన్సూరా. నీది మంచి రకమే నాయనా. నా బుద్ధే పొట్టిదైపోయె. సంతలో నిన్ను అంత మాటంటి. మల్లా సంతకు నిన్ను పక్కన పెట్టుకోనే పోతా, అదే చోట నిలబడి, అంతకన్నా గట్టిగా అరుస్తా. కంబన్న ఇంటికీ నేనే పోతా."

మన్సూర్ "మామా" అని ఒక్కటే అని, ఆయన భుజం మీద తల పెట్టేశాడు. ఇద్దరి ఒంటి మీదా బురదే. ఎవరి బురద ఎవరికంటిందో ఆ దేవుడికే తెలియాలి.

"అయితే కుంట పూడ్చరు కదా మామా?" అని అడిగింది శివలీల. ఆమెకు కావాల్సింది ఆ ఒక్క మాట.

"పూడ్చను. కానీ పాపా, ఇన్నింటిని ఏం చేస్తాం? పల్చ చెయ్యల్ల అంటివి. బుడ్డ మొలకలైతే పీకి గొడ్లకేస్తాం. వీటిని పీకి యాడ పెడ్తాం? ఎండలు ముదిరితే ఈ నీళ్లు గూడా ఉండవు. అన్నీ పోతాయి."

అందరి చూపులూ ఒకేచోటికి పోయాయి. పల్లంలో లోతైన, నిండు నీళ్ల కుంట, అందులో పదో పదిహేనో చేపలు. కానీ అడిగేదెవరు? రెండేళ్లు ఎద్దును అడ్డం పెట్టుకుని తిట్టిన మనిషిని, పైగా లింగం కట్టుకున్న మనిషిని, నీ కుంటలో చేపలు పోసుకుంటామని ఏ మొహంతో అడగాలి? సుంకన్న నేల చూపులు చూశాడు.

శాంతయ్య మిగిలిన బొరుగులు నీళ్లలో దులిపి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "జేసీబీ ఎట్లాగూ వచ్చె కదా" అన్నాడు. "ఈ గెనిమ కోసెయ్యమను. మీది మిట్ట, నాది పల్లం. ఒక కాలవ తీస్తే అవే దిగొస్తాయి."

"ఈ గెనిమనా?" అన్నాడు సుంకన్న.

"ఇదే. దీన్ని ఇంక జరిపేదానికి నాకు ఓపిక లేదప్పా. నీకుండాదా?"

సుంకన్న నవ్వాడు. పొద్దున్నుంచి ఆ గట్టు మీద అందరూ నవ్వారు గాని, ఆయన నవ్వడం అదే మొదలు. చౌడమ్మ, "ఓ శాంతయ్యా, నీ నోట్లో చక్కెర పోయ" అని కేకపెట్టింది. ఉమామహేశ్వరకు తాళం చెవి వెంటనే దొరికింది. బండి బర్రుమని లేచి, మట్టి చల్లుకుంటూ వచ్చి గెనిమ ముందు నిలబడింది. తొట్టి పైకి లేచింది.

"ఆగప్పా" అని శాంతయ్య చెయ్యెత్తాడు. తొట్టి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక షరతు. ముందే చెప్తాండా, తర్వాత మాటలొద్దు. నా కుంటలోకి వచ్చిన చేప నా ఇంటికొచ్చినట్టే. గౌరి ఒకటే కాదు, దిగొచ్చిన ప్రతిదీ. దాన్ని ఎవురూ కొయ్యకూడదు, ఎవురూ తినకూడదు. ఒప్పుకొంటే కోయించండి. లేకుంటే గెనిమ ఉన్నకాడే ఉండనీ."

తినకూడని, కోయకూడని చేపల్ని పెంచి ఏం చేస్తారు? హరినాథ్ తండ్రి వైపు చూశాడు. చౌడమ్మ మొగుడి వైపు చూసింది. మన్సూర్ కూడా ఆయన వైపే చూశాడు. ఇంటి పెద్ద ఆయన. పొలం ఆయనది, మాట ఆయనది. పొద్దున అదే కదా అన్నాడు.

సుంకన్న అందరినీ ఒకసారి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, కోడలికి దారి ఇచ్చాడు.

"నన్నడగొద్దు శాంతయ్యా. పొలమంటే నాదే గాని, కుంట మా పాపది. పాపనడుగు."

శివలీల మామ మొహంలోకి చూసింది. ఆమె కండ్లు నిండుకొచ్చాయి. తుడుచుకుని, గెనిమ దాటి పోయి, తన కుంటలోంచి ఒక వేలెడు చేపను నీళ్లతో సహా దోసిట్లోకి తీసుకుని వచ్చి శాంతయ్య కుంట నీళ్లలో విడిచింది. అది గిర్రున ఒక చుట్టు తిరిగి, దొరికినంత చోటు చూసుకుని, బాణంలా లోతుకు పోయింది. ఆమె పెదాల మీద మెల్లగా ఒక నవ్వు మొదలైంది. ఏదో తట్టినప్పుడు మాత్రమే వచ్చే నవ్వు అది.

"ఒక్కటీ కొయ్యం పెద్దయ్యా" అంది. "నీ లింగం మీద ఆన. కానీ మన్సూరన్నా, నువ్వు నాకు ఒకటి చెప్పు. కోసిన చేపను కాదు, తమ కుంటల్లో పోసి పెంచుకొనేదానికి బతికున్న చేపను కొనుక్కొనేటోళ్లు ఈ సీమలో ఎంతమంది ఉండారు?"